వెలగిరి మేస్త్రి నిలిపిన ఐదు రాళ్లు

విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ గడప తొక్కేముందు ఆంధ్రప్రదేశ్‌లో వచ్చే చివరి పట్టణం తిరువూరు. చుట్టూ మామిడి తోటలు, పత్తి, మిరప చేలు, చెంతనే కట్టలేరు. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమూ అయింది. శిల్పకళ అనగానే ఈ ఊరు ఎవరికీ గుర్తుకు రాదు. కానీ పటం పరిచి, తిరువూరు మీద వేలు పెట్టి, నాలుగు దిక్కులా చూడండి. తూర్పున కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలు. పడమట నేలకొండపల్లి స్తూపం. దానికి కాస్త దిగువన, పాలేటి దగ్గర జగ్గయ్యపేట. దక్షిణంగా దిగితే కృష్ణ అవతలి గట్టున అమరావతి. ఏ దిక్కుకు పోయినా పొద్దున బయల్దేరి చీకటి పడేసరికి ఇల్లు చేరుకోవచ్చు. రెండు వేల ఏళ్ల నాటి మన శిల్పుల చేతిపని నడుమ ఈ ఊరుంది.

వీటిలో ఇవాళ్టి కథ జగ్గయ్యపేటది. సూటిగా చెప్పాలంటే అక్కడ పనిచేసిన ఒక మేస్త్రిది. పేరు సిద్ధార్థుడు. క్రీస్తుశకం 3వ శతాబ్దం వాడు. ఆయన నిలబెట్టిన శిల్పాలు ఐదు స్తంభాలు. వాటి మీద దేవుడు లేడు, దేవత లేదు, రాజు లేడు, పువ్వూ తీగా అన్న హడావుడి లేదు. నేటి కళావిమర్శకుల మాటలో చెప్పాలంటే అవి నైరూప్య శిల్పాలు, అందులోనూ మినిమలిస్టు శిల్పాలు. ఆ మాటలు పుట్టడానికి పదహారు, పదిహేడు వందల ఏళ్ల ముందే, మన జిల్లాలో, పేరూ ఊరూ చెప్పుకున్న ఒక పనివాడు ఆ పని చేసి చూపించాడు.

తిరువూరు నుంచి గంపలగూడెం మీదుగా మధిర వైపు వెళ్లి, అక్కణ్ణుంచి పడమటికి సాగితే జగ్గయ్యపేట. హైదరాబాదు, విజయవాడ రహదారి మీద ప్రయాణించే వాళ్లందరికీ తెలిసిన ఊరే. పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద పేట కట్టించాక ఈ పేరు స్థిరపడింది. ఆ జమీందారే 18వ శతాబ్దం చివర్లో అమరావతికి మకాం మార్చి కొత్త పట్టణం కట్టుకుంటున్నప్పుడు, అక్కడి స్తూపపు దిబ్బ దీపాలదిన్నెను రాళ్ల కోసం తవ్వారు. సర్వేయరు కర్నల్ మెకంజీ దాన్ని చూసింది ఆ రోజుల్లోనే. తెలుగునాట రెండు గొప్ప స్తూపాల కథల్లోకీ అలా వాసిరెడ్డి వారి పేరు వచ్చి చేరింది.

జగ్గయ్యపేట పక్కన చిన్న గుట్ట మీద ఉన్న దిబ్బను జనం ధనంబోడు అన్నారు. నిధి ఉంటుందని ఆశ. ఆ ఆశ, ఇటుకల అవసరం కలిసి దిబ్బను గుల్ల చేశాయి. 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ వచ్చి పరిశీలించేసరికి చాలా భాగం పోయింది. మిగిలిన దాని అడ్డుకొలత సుమారు 31 అడుగులు. అమరావతి మహాచైత్యం ముందు ఇది చిన్నదే. కానీ బర్జెస్ 1887లో ప్రచురించిన పుస్తకానికి అమరావతితో సమానంగా జగ్గయ్యపేట పేరును కూడా పెట్టాడు. అందుకు కారణం ఇక్కడ దొరికిన పలకలు, వాటితోపాటు ఈ స్తంభాల మీది శాసనం.

శాసనంలో ఈ చోటు పేరు వెలగిరి.

ఒక కుటుంబం చిట్టా

శాసనం భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏడు, వానాకాలం ఎనిమిదో పక్షం, పదో రోజు అని తేదీ వేశారు. నాలుగు నెలల వానాకాలానికి పక్షాలు ఎనిమిది. అంటే వానలు వెనకబట్టి, దారులు ఆరుతున్న రోజులన్నమాట. బరువైన రాళ్లను గుట్ట మీదికి చేర్చి నిలబెట్టడానికి పనివాళ్లు ఎదురుచూసే కాలమే అది.

ఆ తర్వాత విషయం వస్తుంది. కమ్మరాష్ట్రంలో నడతూర అనే ఊరి ఆవేశని నాకచందుడి కొడుకు, మహాకాడురూర గ్రామంలో ఉండే ఆవేశని సిద్ధార్థుడు, వెలగిరిలో బుద్ధ భగవానుడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలను సకల ప్రాణుల హితం కోసం, సుఖం కోసం ప్రతిష్ఠించాడని దాని సారాంశం. ఈ పాఠమే ఒకటి కన్నా ఎక్కువ స్తంభాల మీద కనిపిస్తుంది.

ఆవేశని అంటే శిల్పుల పెద్ద, పని చేయించే మేస్త్రి. ఆ హోదా చిన్నది కాదు. సాంచీ మహాస్తూపం దక్షిణ తోరణం మీద ఇలాంటి మరో ఆవేశని తన పేరు చెక్కించుకున్నాడు. శాతకర్ణి రాజు దగ్గరి ఆవేశని, వాసిష్ఠి కొడుకు ఆనందుడు. శాతవాహనుల కాలం నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా దక్కన్‌లో ఈ పనివాళ్ల వ్యవస్థ ఎంత గట్టిగా నిలిచిందో ఈ ఇద్దరి పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆనందుడు రాజు పేరు చెప్పుకున్నాడు. సిద్ధార్థుడు తేదీ కోసం రాజును తలచాడు తప్ప రాజుగారి ఆవేశనిని అనలేదు. ఆ స్థానంలో తన ఇంటివాళ్లను నిలబెట్టాడు.

ఆ పేర్లు తీరిగ్గా చదవాలి. తల్లి నాగిలని. భార్య సముదని. కొడుకు మూలసిరి. కూతురు నాకబుధనిక. సోదరుడు బుధినకుడు. అతని భార్య కనిక. వాళ్ల కొడుకులు నాగసిరి, చందసిరి. వాళ్ల కూతురు సిధథనిక. ఆ పైన జ్ఞాతులు, స్నేహితులు, బంధువులు. తండ్రి పేరు మొదట్లోనే చెప్పాడు గానీ, పుణ్యంలో పాలు పంచుకున్న వాళ్ల వరుసను తల్లితో మొదలుపెట్టాడు. నాకచందుడు అప్పటికి లేడేమో అనిపిస్తుంది. లేకున్నా ఇంటి పేర్లలో ఆయన ఉన్నాడు. నాకచందుడి పేరును రెండు ముక్కలు చేసినట్టు మనవళ్లలో ఇద్దరు నాగసిరి, చందసిరి అయ్యారు. మనవరాలి పేరు మొదట్లోనూ తాతే. సోదరుడి కూతురికి మన మేస్త్రి పేరే పెట్టుకున్నారు. తాత పేరు మనవడికి పెట్టే మన ఇళ్ల అలవాటు ఎంత పాతదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

ఇలా ఇంటిల్లిపాదినీ రాయికెక్కించడం వెలగిరిలోనే జరగలేదు. అమరావతిలో విధికుడు అనే చర్మకారుడు, పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేస్తూ తల్లినీ, భార్యనూ, సోదరులనూ, కొడుకునూ, కూతుళ్లనూ కలుపుకుని చెప్పుకున్నాడు. ఆ పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అయితే విధికుడు పలకకు సొమ్ము పెట్టినవాడు. సిద్ధార్థుడిది వేరే సంగతి. రాయి పనే ఆయన బతుకు. ఇతరుల దానాలకు రూపమిచ్చే వృత్తిలో పుట్టి పెరిగి, ఒకనాటికి తానే దాతగా నిలబడ్డాడు. ఒక శిల్పి జీవితంలో ఇంతకంటే పెద్ద ఎదుగుదలను నేను ఊహించలేను.

ఆ ఎదుగుదల దారి కూడా శాసనంలోనే ఉంది. చరిత్రకారులు కమ్మరాష్ట్రాన్ని ప్రధానంగా కృష్ణకు దక్షిణాన, నేటి గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో గుర్తిస్తారు. తండ్రిది అక్కడి ఊరు. కొడుకు మరో ఊళ్లో స్థిరపడ్డాడు. పుణ్యకార్యం చేసింది కృష్ణకు ఉత్తరాన వెలగిరిలో. పని ఎక్కడుంటే అక్కడికి మూటాముల్లె సర్దుకుని వెళ్లే మేస్త్రుల కుటుంబం కళ్ల ముందు కదులుతుంది. తండ్రి ఊరు, ఉంటున్న ఊరు, పనిచేసిన ఊరు, తండ్రి వృత్తి, తన వృత్తి, కుటుంబం, తేదీ. నేటి కళాకారుడు ప్రదర్శన పుస్తకంలో అచ్చువేసుకునే పరిచయంలో ఉండేవన్నీ ఇందులో ఉన్నాయి.

అదే రాజు కాలంలో మరో చోట ఆయక స్తంభాలు లేచాయి. నాగార్జునకొండ మహాచైత్యం దగ్గర, వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో, చాంతిసిరి వాటిని నిలిపింది. ఆమె రాజుకు మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. రాజవంశపు ఆడపడుచు, మహాతలవర హోదా ఉన్న అధికారి భార్య. ఆమె శాసనాల్లో వంశగౌరవం నిండుగా ఉంటుంది. పద్నాలుగేళ్ల తర్వాత అదే రకం స్తంభాలను, అదే సంఖ్యలో, ఒక వైపు ద్వారానికి ఒక రాతి మేస్త్రి నిలబెట్టాడు. రాణివాసం చేసిన పనిని కార్మికుడు కూడా చేయగలిగిన కాలం అది. ఇక్ష్వాకుల చరిత్ర రాసేవాళ్లు చాంతిసిరికి పేజీలు ఇస్తారు. సిద్ధార్థుడికి ఒక వాక్యం దొరికితే గొప్ప. ఈ తేడా నాకు నచ్చదు.

ఏమీ మోయని స్తంభం

ఆయక స్తంభాలు ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత. స్తూపం గుమ్మటానికి, అంటే అండానికి, కింద ఉండే గుండ్రటి పీఠానికి నాలుగు దిక్కులా నాలుగు వేదికలు ముందుకు పొడుచుకుని వస్తాయి. ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు వరసగా నిలుస్తాయి. మొత్తం ఇరవై. సాంచీలో ఇవి లేవు. అమరావతిలో, నాగార్జునకొండలో, జగ్గయ్యపేటలో ఉన్నాయి. ఆ ఐదూ బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులని పండితులు వివరిస్తారు. పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, తొలి ఉపదేశం, మహాపరినిర్వాణం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. స్తంభం అంటే దేన్నో మోయాలి. దూలాన్నో, పైకప్పునో. మండపంలోని స్తంభం పక్కకు తప్పుకుంటే మండపం కూలుతుంది. ఆయక స్తంభం మీద ఏమీ ఉండదు. దూలం లేదు, కప్పు లేదు. సాధారణంగా అడుగున చదరం, పైన ఎనిమిది పలకలు, ఆ పైన ఆకాశం. తీసేసినా కట్టడం చెక్కుచెదరదు. అంటే అది కట్టడంలో భాగం కాదు, శిల్పం. నిలబడి ఉండటమే దాని పని. పని లేని స్తంభాన్ని ఇరవైసార్లు ఎందుకు నిలబెట్టారన్న ప్రశ్నకు ఒకటే జవాబు. ఎనభై ఏళ్ల జీవితాన్ని, అందులోని ఐదు మలుపులను, చూసేవాడు తన మనసులో తానే చెప్పుకోవాలి. రాయి ఆ కథ చెప్పదు. కథ నడవడానికి చోటు ఇస్తుంది.

చేతకాక ఇలా చేశారనుకునే వీలు లేదు. ఇదే జగ్గయ్యపేట స్తూపానికి పాత దశలో, క్రీస్తుపూర్వపు రోజుల్లో, తొడిగిన పలకల్లో మాంధాత చక్రవర్తి పలక ఉంది. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్నాయి. ఆ నాణేలు చదరంగా ఉన్నాయి, ఆనాటి విద్ధాంక నాణేల్లాగే. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి మొదలైన సప్తరత్నాలు. సన్నటి గీతలో, పొడవాటి మనుషుల్లో ఎంత హుందాతనం! చెన్నై వెళ్లినవాళ్లు ఎగ్మూరు మ్యూజియంలో దాన్ని తప్పకుండా చూడాలి. అమరావతి సంగతి చెప్పనే అక్కర్లేదు. నలగిరి ఏనుగు మదించి వీధిలో పడ్డ గుండ్రటి పతకంలో తొక్కిసలాట, మేడల మీంచి తొంగిచూసే ఆడవాళ్లు, చివరికి బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు, అన్నీ ఒకే రాయిలో. ఇన్ని వందల మనుషులను చెక్కగలిగిన చేతులే, ఆయక స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఉలిని తగ్గించాయి. ఎక్కడ ఆపాలో తెలియడం శిల్పికి అన్నిటికన్నా కష్టమైన విద్య.

రాయి గురించీ చెప్పాలి. పల్నాటి సున్నపురాయి. కృష్ణకు రెండు వైపులా విస్తరించిన పొరలవి. లేత బూడిద, లేత ఆకుపచ్చ ఛాయల్లో, సన్నటి రేణువుతో ఉంటుంది. నల్లరాతి మొండితనం దీనికి లేదు. ఉలికి లొంగుతుంది, పలచటి ఉబ్బును కూడా నిలుపుకుంటుంది. అలాంటి రాయి చేతికి దొరికినవాడికి ఇంకా ఇంకా చెక్కాలనే అనిపిస్తుంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఆ ప్రాంతపు సున్నపురాయి కోసమే. ఒకప్పుడు స్తూపాలకు తొడిగిన జాతి రాయి ఇప్పుడు బస్తాల్లోకి వెళుతోంది.

చదరపు కంబాన్ని ఎనిమిది పలకలు చేయడం చూడ్డానికి తేలిక. నాలుగు మూలలూ చెక్కేస్తే చాలు. కానీ ఎంత చెక్కాలి? కొంచెం ఎక్కువైతే నాలుగు పలకలు వెడల్పుగా, నాలుగు ఇరుకుగా వస్తాయి. చదరానికి మూల నుంచి మూలకు గీత గీసి, అందులో సగం కొలతను తాడుతో పట్టి, ఒక్కో మూల నుంచి రెండు పక్కలా గుర్తు పెడితే ఎనిమిది బిందువులు పడతాయి. వాటిని కలిపితే ఎనిమిది పలకలూ సమానం. బొమ్మల శిల్పంలో చిన్న పొరపాటు మడతల్లోనో, నగల్లోనో దాగిపోతుంది. నున్నటి పలకలో పూచికపుల్లంత వంకర ఉన్నా ఎండ పడగానే బయటపడుతుంది. అలంకారం లేని పనికి దాక్కునే చోటు ఉండదు.

ఆ స్తంభాల మీద అలంకారమంటూ ఉన్నది అక్షరాలకే. ఇక్ష్వాకుల కాలపు బ్రాహ్మి లిపిలో నిలువు గీతలను పొడవుగా సాగదీసి, చివర్లో వంపు తిప్పుతారు. జగ్గయ్యపేట అక్షరాలు ఆ తీరుకు చక్కటి నమూనా. లిపి చరిత్ర చదివేవాళ్లు వీటిని ప్రత్యేకంగా చూస్తారు. నున్నటి రాతి మీద ఆ తీగలాంటి గీతలు దిగుతుంటే, అందులో తల్లి పేరు, సోదరుడి భార్య పేరు, పిల్లల పేర్లు. దేవుడి బొమ్మ చెక్కాల్సిన చోట మేస్త్రి తన ఇంటివాళ్ల పేర్లు చెక్కించాడు.

బొమ్మ లేని నాటి నుంచి బొమ్మ దాకా

బుద్ధుణ్ణి బొమ్మగా చెక్కకుండా చూపించే పద్ధతి మన శిల్పులకు తరాలుగా తెలుసు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, చక్రం, బోధివృక్షం, మంటలు చిమ్మే స్తంభం. ఈ అగ్నిస్తంభం అమరావతి శిల్పులకు మరీ ఇష్టం. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి పలక ఒకటి బుద్ధుడి జననాన్ని చూపిస్తుంది. మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడింది. దేవతలు పొడవాటి గుడ్డ పట్టుకుని ఉన్నారు. ఆ గుడ్డలో పసిబిడ్డ లేడు. చిన్న చిన్న పాదాల గుర్తులున్నాయి. ఆ పాదాలు చూశాక బిడ్డ కనపడలేదని ఎవరైనా అంటారా? ఉన్నదాన్ని లేనట్టు చూపి, అక్కడే ఉన్నట్టు నమ్మించడం ఈ నేల మీద పుట్టిన నైరూప్య కళ. ఆయక స్తంభం ఆ దారిలో చివరి మజిలీ. పాదాలూ పోయాయి, చెట్టూ పోయింది, నిలువెత్తు రాయి మిగిలింది.

వెలగిరి అక్కడితో ఆగిపోలేదు. ఇదే చోట దొరికిన మరో శాసనం సుమారు 6వ శతాబ్దపు లిపిలో ఉంది. నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధుడి ప్రతిమను ప్రతిష్ఠించాడని చెబుతుంది. మాంధాత పలక నుంచి ఆయక స్తంభాలకు, అక్కణ్ణుంచి బుద్ధ ప్రతిమకు ఒకే గుట్ట మీద ఆరేడు వందల ఏళ్ల కళాచరిత్ర. చిన్న దిబ్బ అని తీసిపారేసే చోటు కాదది.

రూపం లేని రూపం జనం మనసులో ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే తిరువూరు నుంచి ఇంకో దిక్కుకు, గుంటుపల్లికి వెళ్లాలి. జీలకర్రగూడెం గుట్టలో తొలిచిన గుండ్రటి చైత్యగుహ ఉంది. కప్పులో కొయ్యవాసాలను రాతిలో తొలిచారు. మధ్యలో కొండ రాతినే మిగిల్చి మలిచిన స్తూపం. బొమ్మ లేదు, గీత లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. బౌద్ధం వెళ్లిపోయినా రాయి గుడిలో దేవుడిగానే మిగిలింది. గుట్ట మీద మొక్కుబడి స్తూపాలు గుంపులుగా ఉంటాయి. పెద్దవీ చిన్నవీ, అన్నీ అదే గుండ్రటి ఆకారం. ఒకే రూపాన్ని మళ్లీ మళ్లీ వరసగా పేర్చడంలోని బలం అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

ఇప్పుడు కాస్త దూరం వెళదాం. 1926లో రుమేనియాకు చెందిన శిల్పి బ్రాంకుసి చేసిన 'ఆకాశంలో పక్షి' అనే కంచు శిల్పం న్యూయార్కు రేవుకు చేరింది. రెక్కల్లేవు, ముక్కు లేదు, నున్నటి పొడవాటి వంపు మాత్రమే. ఇది శిల్పం కాదు, లోహపు సామాను అని కస్టమ్స్ వాళ్లు 40 శాతం సుంకం వేశారు. వ్యాజ్యం నడిచి, 1928లో న్యాయస్థానం అది కళాఖండమేనని తీర్పు ఇచ్చింది. పదేళ్ల తర్వాత, 1938లో, ఆయన రుమేనియాలోని తిర్గు జియులో మొదటి ప్రపంచయుద్ధ మృతుల స్మారకంగా 29 మీటర్ల పైచిలుకు ఎత్తున 'అనంత స్తంభం' నిలబెట్టాడు. దాని మీదా ఏ బరువూ లేదు. పేరు లేదు, బొమ్మ లేదు. ఆ ఏడాది మొదట్లో ఆయన ఇండోరులో ఉన్నాడు. అక్కడి మహారాజు యశ్వంతరావు హోల్కర్, బ్రాంకుసి చేసిన పక్షి శిల్పాల కోసం ఒక మందిరం కట్టించాలనుకున్నాడు. అది కట్టడం దాకా రాలేదు. మధ్య భారతం దాకా వచ్చిన బ్రాంకుసి కృష్ణాతీరం దాకా వచ్చి ఉంటే, తన కుటుంబానికి చెందిన వృద్ధుణ్ణి కలిసినట్టు ఉండేది.

1960లలో న్యూయార్కులో డోనల్డ్ జడ్, కార్ల్ ఆండ్రి వంటివాళ్లు పెట్టెలు, ఇటుకలు, పలకలనే శిల్పాలుగా ముందు పెట్టారు. మినిమలిజం అన్న పేరు అప్పుడే వ్యాపించింది. ఆండ్రి 1966లో 120 ఇటుకలు పేర్చి చేసిన శిల్పాన్ని లండన్ టేట్ గ్యాలరీ 1972లో కొన్నది. 1976లో అది పత్రికలకెక్కితే జనం డబ్బు దండగ అని దుమారం రేగింది. ఆ శిల్పులకూ మన ఆవేశనికీ చుట్టరికం కలపాలని నేను చెప్పడం లేదు. వాళ్లకు రాయి రాయే, ఇటుక ఇటుకే, దాని వెనక కథ వద్దు. సిద్ధార్థుడి స్తంభం వెనక కథ ఉంది, నమ్మకం ఉంది. కానీ చేతికి తెలిసిన విషయం ఒకటే. తగ్గిస్తే రూపం బలహీనపడదు.

తెలుగువాళ్లలో ఈ కాలపు శిల్పి ఎవరని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. ఋషివ్యాలీలో చదివి, శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ దగ్గర, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాద్కిన్ దగ్గర, మిలాన్‌లో మరీనో మరీని దగ్గర శిల్పం నేర్చాడు. పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియర్ 17 ముద్రణశాలలో లోహపు రేకును శిల్పంలాగే పొరలు పొరలుగా చెక్కి, నూనె పాళ్లు వేరుగా ఉన్న రంగులు ఒకదాన్నొకటి తోసుకునే గుణాన్ని వాడుకుని, ఒకే రేకు నుంచి ఒకేసారి అన్ని రంగులూ అచ్చయ్యే పద్ధతిని రూపొందించిన వాళ్లలో ముఖ్యుడయ్యాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018 ఆగస్టు 22న న్యూయార్కులో పోయాడు. ఆయన గురించి పుస్తకాలున్నాయి, ప్రదర్శనలు జరిగాయి. అయినా మన పాఠశాలల్లో ఆయన పేరు తెలిసిన పిల్లలు ఎందరు? బతికి ఉండగా ప్రపంచం గుర్తించిన శిల్పికే ఈ గతి అయితే, రాతి మీద కొద్ది పంక్తులు మాత్రమే మిగిల్చిన మేస్త్రి గురించి ఏమనగలం?

నైరూప్య శిల్పం మనది కాదు, అర్థం కాదు, పడమటి దేశాల మోజు అనే మాట చదువుకున్న వాళ్ల నోటనే ఎక్కువగా వింటుంటాం. గుంటుపల్లి రైతుకు ఆ ఇబ్బంది లేదు. బొమ్మ లేని రాయి ముందు చెప్పులు విడిచి చేతులు జోడిస్తాడు. ఊరి నడిబొడ్డున బొడ్రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టే ఇల్లాలికీ ఆ ఇబ్బంది లేదు. అర్థం కాదన్న బెరుకు చదువుతో వచ్చింది. చదువుతోనే పోవాలి.

అందుకే తిరువూరు, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట బడుల్లోని ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లేటప్పుడు ధనంబోడును కూడా జాబితాలో చేర్చండి. వెళ్లేముందు నల్లబల్ల మీద నాకచందుడి నుంచి సిధథనిక దాకా ఆ పదకొండు పేర్లూ రాసి చదివించండి. ఎవరి తాత పేరు ఎవరికి వచ్చిందో వాళ్లనే పట్టుకోమనండి. ఇక పురావస్తు శాఖకు, జిల్లా యంత్రాంగానికి మరొకటి. గుట్ట దగ్గర రాజుల పేర్లతో పాటు ఆవేశని సిద్ధార్థుడి పేరు, ఆయన శాసనం తెలుగు అనువాదంతో సహా, పెద్ద అక్షరాల్లో ఒక రాతి మీద చెక్కించి నిలబెట్టండి. ఎన్టీఆర్ జిల్లాలో పేరు తెలిసిన తొలి శిల్పులలో ఆయన ఒకడు, ఆ గౌరవం ఆయనకు దక్కాలి.